బ్యాండు ముందు వెనక్కి నడిచిన మనిషి

ఆయన దినాలకు టెంటు మా షాపు నుంచే వెళ్లింది. రాకాసిపేటలో వాళ్ల ఇంటి ముందు సందు సన్నం, పెద్ద షామియానా పట్టదు. రెండు చిన్నవి కలిపి కట్టించి, కింద కుర్చీలు వేయించాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కొచ్చిన ముసలాళ్లు కొందరు ఆ కుర్చీల్లో కూర్చుని పోయిన మనిషి మంచి మాట్లాడుకున్నారు. కాసేపటికి మంచి అయిపోయింది. అప్పుడు చక్కెర ఫ్యాక్టరీ చెరకు యార్డులో పనిచేసి రిటైరైన ఒకాయన, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ అన్నాడు:

"ఏమన్నగాని మనిషి మంచోడే. ఒక్క దావత్‌కు బోధన్ ఇజ్జత్ అమ్ముకున్నడు, గంతే."

అందరూ నవ్వారు. కొత్తగా వచ్చిన అల్లుడొకాయన "ఏం దావత్ మామా?" అని అడిగాడు. యార్డాయన ఆ విందు కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. పోయినాయన భార్య ఇంటి గడపలో కూర్చుని ఉంది, ఆమెకు కూడా వినిపించేంత గట్టిగా చెప్పాడు. నేను అక్కడే ఒక గుంజకు తాడు బిగిస్తూ నిలబడి ఉన్నాను. ఆ కథ అబద్ధమని నాకు తెలుసు. అయినా ఏమీ అనలేదు. అనకపోవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటైపోయింది.

ఇప్పుడు పెళ్లి ఊరేగింపంటే వ్యాను మీద పెద్ద బాక్సులు, దాని వెనక జనరేటరు. ఈ కాలపు పిల్లలకు నేను చెప్పేది కొంచెం వింతగా ఉండొచ్చు. ఎనభైల్లో బోధన్‌లో, నిజామాబాద్‌లో, ఆర్మూర్‌లో బ్యాండు పార్టీలుండేవి. ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, తెల్ల గ్లౌజులు. ముందు ట్రంపెట్లు, క్లారినెట్లు, వెనక పొట్టకు కట్టుకున్న పెద్ద డ్రమ్ము. వేరేచోట్ల సినిమా హీరోలకు అభిమానులున్నట్టు మా దగ్గర బ్యాండ్లకు ఉండేవాళ్లు. పెళ్లి ఎవరిదో తెలియకపోయినా, ఏ బ్యాండు వస్తోందో ఊరందరికీ తెలిసేది. ఎవరు గొప్ప అనే దాని మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

నాది నిజామాబాద్. బతుకుదెరువుకు బోధన్ వచ్చి బస్టాండు వెనక టెంట్ హౌస్ పెట్టుకున్నాను. ఊరు మారింది గానీ బ్యాండు మారలేదు. నాకు మా నిజామాబాద్ టౌన్ బ్యాండే బ్యాండు. పోయినాయనకు బోధన్ బ్యాండు. వాళ్ల అన్నగారి కిరాణా దుకాణంలో ఆయన పేర ఒక స్టూలుండేది. దాని మీద ఆయన కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. ఇల్లు ఆయన భార్య చుట్టే బీడీల మీద నడిచేది. ఆయన పొద్దున టీ తాగి మా షాపుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చిన మడత కుర్చీల దొంతర ఎక్కి, కాళ్లు వేలాడేసి కూర్చునేవాడు.

"చెప్పు తమ్మీ, నిన్న వర్ని పెండ్లిల మీ టౌనోళ్లు ఏం ఊదిన్రట?"

"మస్తు ఊదిండ్రన్నా. ఇంక చెవులల్లనే ఉన్నది."

"చెవులల్ల ఉంటే డాక్టర్‌కు సూపెట్టుకో. మీ టౌన్ బ్యాండు బ్యాండే, కాదంటలేను. గాని పెండ్లికొడుకు గుర్రం మీదనే నిద్రవోతడు."

"నిద్ర పడుతుందంటే సుతి ఉన్నట్టే గదన్నా. మీ బోధనోళ్లు ఊదితే గుర్రమే ఉరుకుతది."

"ఉరుకాలె మరి! పెండ్లికి పోతుందా, సావుకు పోతుందా?"

ఇలా మధ్యాహ్నం దాకా సాగేది. యార్డాయన డ్యూటీ దిగి వచ్చి బోధన్ వైపు కూర్చునేవాడు. నాందేడ్ బ్యాండు సంగతి ఎవరైనా ఎత్తితే కుర్చీల దొంతర మీది ఆయన ముఖం చిట్లించేవాడు. "అది బ్యాండు కాదు, సర్కస్. ఒకని భుజమ్మీద ఒకడెక్కి ఊదుతడు. పాట పైకెక్కాలె గాని మనుషులెక్కుడేంది?" ఆయనకు నచ్చని మనిషి గురించి అడిగితే "ఆర్మూర్ బ్యాండసొంటోడు, డ్రమ్మే ఉన్నది" అనేవాడు. బోధన్ బ్యాండు గురించి మాత్రం ప్రతిసారీ ఒకే మాట: "అప్పటికి, ఇప్పటికి, ఎప్పటికి గిసొంటి బ్యాండు పుట్టది."

"ఎప్పటికి అంటే ఎట్లన్నా? రేపు పుట్టేటోళ్ల సంగతి నీకేం ఎరుక?"

"పుట్టినంక తీస్కరా, ఇని చెప్త."

ఆయనకు సంగీతం తెలుసని ఎవరూ అనుకోవద్దు. రాగం పేరు ఒక్కటి చెప్పలేడు. చరిత్ర అంతకన్నా రాదు. ఉస్తాద్ ఊదుతుంటే చక్కెర ఫ్యాక్టరీ కూత సుతి తప్పినట్టు వినిపించిందని, దొర సిగ్గుపడి కూతనే మార్పించాడని చెప్పేవాడు. ఏ దొర అని అడిగితే కోపం వచ్చేది. బోధన్ బ్యాండులో ట్రంపెట్ ఊదే పెద్దాయననే అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. పాన్ నమిలే, ఎక్కువ మాట్లాడని మనిషి. వాయించేవాళ్లు చాలామంది ఉన్నా, బోధన్ బ్యాండంటే జనం దృష్టిలో ఆయనే.

పాట మొదలైతే మావాడికి చేతులు ఊరుకునేవి కావు. కుడిచేతి మూడు వేళ్లతో ట్రంపెట్ మీటలు నొక్కినట్టు నొక్కుతుండేవాడు. నొక్కడానికి తన మోచేయి దొరికితే అది, లేదంటే పక్కవాడి భుజం. నా భుజం చాలా పాటలకు పనికొచ్చింది. కళ్లు మూసుకున్నా ఏ పాటో ఆ నొక్కుడును బట్టి చెప్పగలిగేవాణ్ని.

ఊరేగింపులో ఆయన ముందుకు నడిచేవాడు కాదు. బ్యాండు వైపు ముఖం పెట్టి వెనక్కి నడిచేవాడు. "ఊదేటోనికి ఈపు సూపెడితే ఎట్ల? గాయిన ఎవలికి ఊదాలె?" అనేవాడు. అలా నడుస్తూ ఓసారి మురుగు మోరీలో పడ్డాడు. ఓసారి మిర్చి బజ్జీల బండి మీద కూర్చున్నంత పని చేశాడు. లేచి, దులుపుకుని, మళ్లీ వెనక్కి. పిలవని పెళ్లిళ్లకు పోయేవాడు, కానీ ఎక్కడా ముద్ద ముట్టలేదు. ఊరేగింపు మండపం చేరి బ్యాండు ఆగగానే తిరిగి ఇంటికి నడిచిపోయేవాడు. నేనే టెంటు వేసిన పెళ్లిలో చేయిపట్టి పంక్తిలో కూర్చోబెట్టబోతే వదిలించుకున్నాడు. "ఊకో తమ్మీ. పాటకొచ్చిన. పప్పు ఇంట్ల ఉన్నది."

ఇక ఆ రోజు సంగతి.

మాఘమాసం. ఫ్యాక్టరీ నడుస్తోంది. చెరకు బండ్లు గేటు నుంచి చౌరస్తా దాకా రోడ్డుకు ఒక పక్కన వరసగా ఆగి ఉన్నాయి. ఎడ్లను విప్పి చెరకాకు వేశారు. గాలంతా చెరకు మడ్డి వాసన. పొద్దెక్కుతుండగా, మిగిలిన సగం రోడ్డు మీద రెండు ఊరేగింపులు ఎదురెదురుగా వచ్చి ఆగాయి. మోస్రా నుంచి వచ్చిన రైతుల పెళ్లికొడుకు ముందు బోధన్ బ్యాండు. నిజామాబాద్ నుంచి వచ్చిన వ్యాపారుల పెళ్లికొడుకు ముందు మా టౌన్ బ్యాండు. ఎవరో ఒకరు బండ్ల సందుల్లోకి ఒదిగి దారివ్వాలి. ఎవరూ కదల్లేదు.

మా వైపు దానికొక పద్ధతుండేది. ముకాబలా అనేవాళ్లు. రెండు బ్యాండ్లూ ఒకే పాట ఎత్తుకుంటాయి. ఎవరు గెలిచారో చెప్పడానికి ఎవరూ ఉండరు. ఓడిన బ్యాండు అభిమానుల్లో పెద్దమనిషి తన భుజం మీది తువ్వాల తీసి, అవతలి బ్యాండు పెద్ద డ్రమ్ము మీద వేయాలి. బోధన్ బ్యాండుకు ఆ పెద్దమనిషి మా షాపు కుర్చీలెక్కే ఆయనే. అవతలివాళ్లు ఎంత అరిచినా లెక్కలేదు, సొంత మనిషే ఒప్పుకోవాలి. తువ్వాల పడితే ఆ బ్యాండు ఊదడం ఆపి పక్కకు జరుగుతుంది. అది ఓటమే గానీ సిగ్గు కాదు. అభిమాని ఒప్పుకోకముందే బ్యాండు తనంతట తాను ఆపితే మాత్రం సిగ్గు. అలా ఆపిన వాళ్లను ఆ తర్వాత ఎవరూ పెళ్లికి పిలిచేవాళ్లు కారు. పెళ్లికొడుకు ముందు ఊపిరి ఆగిన బ్యాండు అపశకునమనేవాళ్లు.

అప్పట్లో ఊరంతా పాడుతున్న సినిమా పాట ఒకటి ఎత్తుకున్నారు. నా టెంటు మోస్రా వాళ్ల మండపంలో ఉంది, నేను వాళ్లతో నడుస్తున్నాను, అరుస్తున్నది మాత్రం టౌన్ బ్యాండు కోసం. ఆయన నా భుజం పట్టుకుని తనతో పాటు బోధన్ బ్యాండు వైపు తిప్పాడు. "మీ వాళ్ల దిక్కు ఏం సూస్తవ్? ఉస్తాద్‌ను సూడు."

చూశాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మేం ఓడిపోతున్నాం. ఉస్తాద్ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మా క్లారినెట్ మనిషి ముఖం పాలిపోయింది. మా డ్రమ్ము దెబ్బ తప్పింది. టౌన్ అభిమానుల పెద్ద, ఒక స్వీటు దుకాణపాయన, ఆయన చెయ్యి తువ్వాల మీదికి పోయింది. ఇంకొక్క చరణం చాలు.

నా భుజం మీద మూడు వేళ్లూ ఆగిపోయాయి.

పాట ఆగలేదు, వేళ్లు ఆగాయి. ఏమైందని ఆయన చూస్తున్న వైపు చూశాను. ఉస్తాద్ ఎడమచేతి తెల్ల గ్లౌజు మీద ఎరుపు. ట్రంపెట్ మూతి దగ్గర నుంచి సన్నగా కారుతోంది. కోటు ఎర్రది కాబట్టి దాని మీద కనపడలేదు. చిందులేసేవాళ్లందరి వీపులూ బ్యాండు వైపున్నాయి. చూసింది మేమిద్దరమే. ఉస్తాద్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఊదుతూనే ఉన్నాడు. తనంతట తాను ఆపలేడు గదా.

ఆయన నా భుజం వదిలి, తన తువ్వాల లాగి, చిందులేసేవాళ్లను తోసుకుంటూ అవతలికి పోయి మా టౌన్ బ్యాండు డ్రమ్ము మీద వేశాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మావాళ్లు డ్రమ్ము కొట్టేవాణ్ని భుజాల మీదికెత్తుకున్నారు. నన్ను కూడా ఎవరో ఎత్తారు. బోధన్ వాళ్లు నోరు తెరుచుకుని నిలబడ్డారు. యార్డాయన ఆయన చొక్కా పట్టుకుని ఊపేస్తున్నాడు. "పాగల్ అయినవా? గెలుస్తున్నం గద! గెలుస్తున్నం గద!" ఆయన ఉస్తాద్ వైపే చూస్తున్నాడు. ఉస్తాద్ ట్రంపెట్ దించి, చెరకు బండి చక్రం పక్కన ఎర్రగా ఉమ్మాడు. పాన్ నమిలే మనిషి కదా, ఎవరికీ అనుమానం రాలేదు. నోట్లో వేలుపెట్టి ఏదో తీసి రుమాలులో చుట్టుకోవడం నేను చూశాను.

కొంతసేపటికి ఆయన నన్ను బండ్ల చాటుకు లాక్కెళ్లాడు.

"చూసినవా?"

"చూసిన. పన్నూడింది."

"చూడలే నువ్వు."

అప్పుడు చెప్పాడు. చలికాలం మొదలైనప్పటి నుంచి ఉస్తాద్ ముందు పళ్లన్నీ కదులుతున్నాయి. ఈయనే బస్సులో నిజామాబాద్ తీసుకుపోయి పళ్ల డాక్టరుకు చూపిస్తున్నాడు. ఇక ఊదొద్దన్నాడు డాక్టరు. ఈ పెళ్లిళ్లు గడిచేదాకా ఎట్లాగో నెట్టుకొచ్చి, తర్వాత తమ్ముడి కొడుకుకు ట్రంపెట్ అప్పజెబుతానన్నాడు ఉస్తాద్.

"నీ షాపుల కూసోని అందరడుగుతరు, ఏ బ్యాండు మాట్లాడుకోవాలె అని. ఉస్తాద్ పండ్లూడినయన్న మాట నీ నోట్లెకెళ్లి ఒక్కపారి ఎల్లిందనుకో, గా బ్యాండు మీద బతికే అన్ని ఇండ్లల్ల పొయ్యి ఆరుతది. ఎవలకు చెప్పకు."

"మరి నిన్ను తిడుతరు గదన్నా."

"తిట్టనీ. నేనేమన్న ఊదేదున్నదా?"

చెప్పనని మాటిచ్చాను. అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత చేసిందే తప్పు.

మర్నాడు షాపులో జనం ఎప్పటికన్నా ఎక్కువున్నారు. తువ్వాల వేసినందుకు టౌన్ బ్యాండు వాళ్లు ఆయనకు రాత్రే దావత్ ఇచ్చారని అప్పటికే పుకారు పుట్టింది. ఆయన వచ్చి కుర్చీల దొంతర ఎక్కబోతుంటే యార్డాయన అన్నాడు: "జర పైలం. కడుపు బరువున్నది, కుర్చీలు ఇరుగుతయ్. ఏం పెట్టిండ్రే దావత్‌ల? మేకనా, కోడా?"

అందరూ నా వైపు చూశారు. నేను టౌన్ మనిషిని, నాకు తెలిసుండాలి. "అట్లాంటిదేం లేదు" అని ఉంటే పళ్ల మాట ఎత్తకుండానే అయిపోయేది. కానీ ముందు రోజు నన్ను భుజాల మీద ఎత్తుకున్న సంతోషం ఇంకా దిగలేదు. నవ్వాను. నేను నవ్వాక అందరూ నవ్వారు. ఆయన నన్ను చూశాడు. తర్వాత తనూ నవ్వాడు.

"మేకనే. నల్లిబొక్క సుత ఏసిండ్రు."

ఊరికి అంతకన్నా ఏం కావాలి? మనిషే ఒప్పుకున్నాడన్నారు. ఉస్తాద్ పళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. పెళ్లిళ్లు గడిచిపోయాయి. ఆయన షాపుకు రావడం తగ్గించి, మెల్లగా మానేశాడు. బ్యాండు ముందు నడవడం కూడా మానేశాడు. నడిస్తే పిల్లలు వెనక నుంచి "దావత్! దావత్!" అని అరిచేవాళ్లు. ఊరేగింపు వాళ్ల సందు చివర నుంచి పోతే మాత్రం అరుగు మీదికొచ్చి నిలబడేవాడు.

కొన్నేళ్లకు ఉస్తాద్ పోయాడు. తమ్ముడి కొడుకు కొంతకాలం బ్యాండు నడిపి, అది సాగక లైటింగ్ పనిలోకి మారాడు. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. నేను ఇచ్చిన మాటకు గడువు తీరిపోయింది. అయినా నోరు విప్పలేదు. ఎందుకంటే మా టౌన్ బ్యాండు బోధన్ బ్యాండు మీద గెలిచింది అదొక్కసారే. ఎంత వాదన జరిగినా చివరికి నేను "మరి చౌరస్తా కాడ ఏమైంది?" అనేవాణ్ని. వాదన అక్కడితో అయిపోయేది. ఆ ఒక్క మాట పోతే వాదనకు నా దగ్గర ఇంకేమీ లేదు. ఇంత చిన్న సంగతి కోసం ఒక మనిషి పేరు పాడు చేస్తారా అని మీరడగవచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

ఒకసారి ఆయన ఎదురుగానే అన్నాను. తొంభైల్లో, బస్టాండు దగ్గర. కొత్తగా డిగ్రీ చదివే పిల్లలు నలుగురు, అసలు అన్నిట్లోకీ గొప్ప బ్యాండు ఏదని నన్నడుగుతున్నారు. ఆయన రేషన్ షాపు నుంచి కిరోసిన్ డబ్బా పట్టుకుని అటుగా పోతున్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"టౌన్ బ్యాండే. కావాల్నంటే గీ అన్ననడుగున్రి. గీయనే తువ్వాలేసిండు."

ఆయన ఆగాడు. డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. నన్ను చూడలేదు, ఆ పిల్లల్ని చూశాడు.

"నిజమే బిడ్డా. టౌన్ బ్యాండే" అన్నాడు. వెళ్లిపోయాడు.

బోధన్ బ్యాండు తప్ప ఇంకోటి గొప్పదని ఎన్నడూ అనని నోటితో ఆ మాట అనిపించాను. ఆ తర్వాత మేం ఎదురైతే తలూపుకున్నాం, అంతే.

దినాలయిన కొన్నాళ్లకు వాళ్లింటికి వెళ్లాను. వదిన ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను. చౌరస్తా, గ్లౌజు, రుమాలు, నేను నవ్వడం, బస్టాండు. ఆమె కత్తెరతో ఆకు కత్తిరిస్తూ వింది. చేయి ఆపలేదు.

"గిదంత నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ?"

"నీకు తెల్వాలె గద వదినా."

"నాకు తెల్వకనా? ఉస్తాద్ నమలలేడని దినాం జావ కాసి పంపింది ఎవలనుకున్నవ్? గాయిన ఎవలింట్ల తిన్నడో తినలేదో, కంచం పెట్టేదాన్ని, నాకెరుక లేదా?" దారం కొరికి, బీడీ చాటలో వేసింది. "నేనెన్నడన్న నవ్విన్నా? నవ్వినోళ్లకు చెప్పుపో."

అక్కడి నుంచి నేరుగా యార్డాయన దగ్గరికి పోయాను. ఆయన పూర్తిగా విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"అంటే గా పొద్దు గెలిచింది బోధనే అన్నట్టు!"

"అవునే. గాని నేను చెప్పేది—"

"నేను అప్పుడే అన్న గద, గెలుస్తున్నమని! అన్ననా లేదా? ఆగు, మావోళ్లకు ఫోన్ చెయ్యాలె."

నా ముందే ఇద్దరికి ఫోన్ చేశాడు. బోధన్ గెలిచిందని చెప్పాడు. ఆ మాటల్లో ఉస్తాద్ పళ్లున్నాయి, చెరకు బండ్లున్నాయి, నేను దాచిన సంగతి ఉంది. తువ్వాల వేసిన మనిషి మాత్రం లేడు. ఆయన్ను ఇన్నేళ్లు ఏమన్నారో, అదేమైనా యార్డాయనకు గుర్తొస్తుందేమోనని కూర్చున్నాను. మూడో ఫోన్ కలపబోతుంటే లేచి వచ్చేశాను.

నవ్వినవాళ్లలో చాలామంది పోయారు. ఉన్నవాళ్లు ఎక్కడెక్కడున్నారో నాకు తెలియదు. ఒక్కొక్కరి గడపకూ పోయి చెప్పే ఓపిక లేదు. చెప్పినా వాళ్లకు వినపడేది గెలుపోటములే. అందుకని ఇలా రాస్తున్నాను. మా టౌన్ బ్యాండులో వాయించిన వాళ్ల పిల్లలకు ఇది బాధ కలిగిస్తే మన్నించాలి. ఆయన ఎవరింట్లోనూ దావత్ తినలేదు. తన బ్యాండు గెలుస్తుందని తెలిసి తెలిసి ఆపించాడు. ఆ రోజు మేం గెలవలేదు.